మిరుగం రాని లోయ

భోజన్నను ఎవరన్నా "మేకల భోజన్న" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మేకలు కాసినాడు, కాదనను. కానీ సౌదీకి పోయి మేకలు కాసినోళ్ళు ఎంతమంది లేరు? అడివిని కాసినోడు మాత్రం, నాకు తెలిసి, ఆయప్ప ఒక్కడే. ఈ మాట అంటే మా రాయచోటిలో నవ్వుతారు. "సౌదీలో అడివి యాడిది నన్నే సాహెబూ, ఇసుక తప్ప ఏముండాది?" అంటారు. యాడుండాదో చెప్తా, వినండి. మధ్యలో లేచిపోయేటట్టయితే ఇప్పుడే లేవండి. మధ్యలో లేచేవాళ్ళంటే నాకు చెడ్డ కోపం.

నేను 1985లో పోయినా. బురైదా ఊరు దాటి ముప్పై కిలోమీటర్లు పోతే మా కఫీల్ ఖర్జూర తోట. కఫీల్ అంటే వీసా ఇచ్చి పిలిపించి, మన పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకునే యజమాని. ఆ తోటలో నీళ్ళ ట్యాంకరు తోలడం నా పని. కఫీల్ పేరు అబూ సులైమాన్. డెబ్బై ఏండ్ల మనిషి, తక్కువ మాట, ఎక్కువ కోపం. రెండు కండ్లకూ పొర కమ్ముతా ఉండేది. ఆపరేషన్ చేయించుకో బాబా అంటే, కత్తి అంటేనే భయం ఆయనకు. పది అడుగుల అవతల నిలబడితే మనిషెవరో గొంతును బట్టి తెలుసుకునేవాడు గానీ చూసి కాదు.

తోటకు నాలుగు కిలోమీటర్ల అవతల రాళ్ళ గుట్టల మధ్య ఒక లోయ. వానొచ్చినప్పుడు మాత్రమే దాంట్లో వాగు పారుతుంది. ఆ లోయ కఫీల్ తాత నాటి నుంచి వాళ్ళ సొంత నేల. వాగు ఒడ్డు పొడుగునా తల్హ్ చెట్లు. మన తుమ్మకు దగ్గరి చుట్టం అది. గొడుగు మాదిరి తల, తెల్లటి ముండ్లు, గొడ్డలికి కూడా సులభంగా లొంగని చేవ. నేను పోయేనాటికి లోయలో అట్లాంటివి నలభై ఒకటి ఉండాయి. అన్నీ ముసలివే. ఇదే ఆ లోయకు పట్టిన రోగం. పెద్ద చెట్టు ఉంది, పిల్ల చెట్టు లేదు.

ఇంక భోజన్న సంగతి. కడెం పక్కన అడివిని ఆనుకొని ఉన్న పల్లె ఆయప్పది. పన్నెండేండ్లు టేకు ప్లాంటేషన్లలో దినకూలీ. గుంతలు తవ్వినాడు, మొక్కలు నాటినాడు, వంకర మొక్కలు నరికినాడు, మంటలు ఆర్పినాడు. కూలి పని తగ్గిపోయేసరికి ఒక ఏజెంటును పట్టుకొని 1990 జూన్‌లో మా తోటలో దిగినాడు. సన్నగా, నల్లగా, నా భుజం దాకా కూడా రాడు. మొదటి రోజు నన్ను చూసి, "అన్నా, నువ్వు తెలుగోనివా? మస్తు సంతోషమైంది" అని నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. ఆ పూట నా అన్నంలో సగం ఆయప్పే తిన్నాడు. నాకేం బాధ అనిపించలేదు, రెండేండ్లుగా తెలుగు మాట విని ఎరగను.

ఆయప్ప వచ్చిన రెండు నెలలకే కువైట్ గొడవ మొదలైంది. ఆ యేడు యెమెన్ వాళ్ళకు ఈ దేశంలో ఉండే పద్ధతులు మారిపోయి, మంది మంది సామాన్లు కట్టుకొని వెళ్ళిపోయినారు. మా మేకలు చూసే యెమెనీ ముసలాయన కూడా పోయినాడు. కర్ర భోజన్న చేతికొచ్చింది. నూటఇరవై మేకలు. వాటిని తోలుకొని రోజూ లోయకు పోయేది, సాయంత్రానికి వచ్చేది.

జనవరిలో యుద్ధం. మా గదికి ఒకే కిటికీ. గ్యాసు వస్తుందేమోనని దానికి ఈ మూల నుంచి ఆ మూలకు టేపు అతికించినాము. రేడియో పెట్టుకొని కూచునేవాళ్ళం. మా మీద ఏమీ పడలేదు గానీ వాన మాత్రం పడింది. జనవరి ఆఖర్లో రెండు మంచి వానలు. భోజన్న తలుపు దగ్గర నిలబడి చెయ్యి బయటికి చాపి, "గిదేందన్నా, కాలం గాని కాలంల వాన? బాంబుల వేడికి మబ్బులు పగిలినట్టున్నయి గదా?" అన్నాడు. నేను "అవును" అన్నా. నా మనసు ఆ రోజు ఇంటి మీద, మా కరీమున్నీసా మీద ఉండాది. నన్ను ఏం అడిగినా అవుననే అంటా ఉండా. ఆ ఒక్క "అవును" ఎంత పని చేసిందో ఆర్నెల్లకు గానీ నాకు తెలియలేదు.

యుద్ధం అయిపోయింది. మార్చిలో ఒక సాయంత్రం కఫీల్ నా ట్యాంకరులో లోయకు వచ్చి ఒక పెద్ద తల్హ్ మాను మీద చెయ్యి వేసి నిలబడినాడు. నేనూ దిగినా. ఆయన ఎందుకో ఆ రోజు మాట్లాడినాడు. "నా చిన్నతనంలో ఈ లోయలో ఒంటె తప్పిపోతే చెట్ల మధ్య మూడు రోజులు వెతికేవాళ్ళం. ఇప్పుడు ఇవి కూడా నా మాదిరే ముసలివైపోయినాయి. వీటి వెనక వచ్చేది ఒక్కటీ లేదు. రెండుసార్లు నర్సరీ మొక్కలు తెచ్చి పెట్టించినా, ఎండిపోయినాయి. నా కొడుకులు ఇక్కడ బుల్డోజర్ తిప్పి గోధుమ వేద్దామంటున్నారు. ఈ ముసలి చెట్లు పడిపోతే వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర మాట ఉండదు" అన్నాడు.

నేను భోజన్నకు తెలుగులో చెప్పినా. ఆయప్ప నవ్వినాడు. "పిల్లల్లేవంటడేందన్నా? మేకలు రోజూ మేసేటివి ఏందనుకుంటున్నడు?" అని నాలుగు అడుగులు వేసి, మోకాలు ఎత్తు కూడా లేని ఒక ముండ్ల గుబురు చూపించినాడు. పైన చదును, పక్కల చదును, కటింగు చేసినట్టు.

నేను అరబ్బీలో చెప్తే, "అది పొద" అన్నాడు కఫీల్.

"పొద గాదు బాబా. గిది చెట్టే. మేకలు లేవనిస్తలేవు, కూసుండిపోయింది." అని పక్కన గడ్డపారతో తవ్వినాడు. మోచేతి లోతు తవ్వినా వేరు తోక కనపడలేదు. పైన మోకాలు ఎత్తు లేని దానికి కింద నా మణికట్టంత లావు వేరు. "దీనికి నీ చిన్న కొడుకంత వయసుంటది" అన్నాడు భోజన్న. కఫీల్ కిందికి వంగి ఆ వేరును ముట్టుకొని చూసి, లేచి ట్యాంకరెక్కినాడు. వారం తిరక్కముందే రెండు లారీల ఇనుప వల దిగింది.

దక్షిణం ఒడ్డుకు కంచె వేసినాము. మేకల్ని వేరే చోటికి మార్చినాము. కంచె లోపల కూచున్న చెట్లన్నిటి పక్కనా భోజన్న ఒక్కొక్క తెల్ల రాయి పెట్టి లెక్కేసినాడు. నూటముప్పై ఆరు. కఫీల్ సంబరం చూడాల మీరు! శుక్రవారం నమాజు తర్వాత పట్టుకున్నోడికల్లా నాకు నూటముప్పై ఆరు మంది పిల్లలు అని చెప్పుకున్నాడు. మా ట్యాంకరెక్కి వచ్చి కంచె పట్టుకొని నిలబడి పోయేవాడు. చూపు ఆనదు గదా, అయినా నిలబడేవాడు.

జూన్ మొదటి వారంలో కఫీల్ కుటుంబం హజ్‌కు పోయింది. కారు తోలేది నేనే కాబట్టి నాకూ ఆ భాగ్యం దక్కింది, అల్‌హందులిల్లా. తిరుగు దారిలో జిద్దాలో వాళ్ళ చుట్టాల ఇంటికాడ రెండు రోజులు ఆగినాము. నేను షరఫియా బజారుకు పోయి భోజన్న కోసం గోంగూర పచ్చడి సీసా, చింతపండు, ఒక రెండు తెలుగు పాటల క్యాసెట్లు కొన్నా. ఒంటరిగా ఉంటాడు పాపం అని.

పాపం ఎవరిదో చూడండి. మేము ఇంటికి కూడా పోకుండా నేరుగా లోయకే పోయినాము, కఫీల్ అంత ఆత్రంగా ఉన్నాడు. దిగి కంచె తలుపు తీసుకొని లోపలికి పోయి కర్రతో నేల తడుముతా, "ఏవి?" అన్నాడు. నేను చూసినా. నూటముప్పై ఆరు తెల్ల రాళ్ళు ఉండాయి. ఒక్కొక్క రాయి పక్కన నాలుగు వేళ్ళ ఎత్తు మొద్దు. గొడ్డలితో నున్నగా నరికింది. నరికిన ముండ్ల కొమ్మలన్నీ కంచె పొడుగునా కుప్పలు.

భోజన్న నవ్వుకుంటా ఎదురొచ్చినాడు. "అచ్చిండ్రా అన్నా! అన్నీ కొట్టిన. నాలుగు రోజులల్ల కొట్టిన. రోహిణి ఎల్లకముందే కొట్టాల్నని రాత్రీ పగలూ సూడలే."

"ఎందుకు కొట్టినావురా?" అన్నా.

"ఎందుకేందన్నా? మేకలు తిని తిని అన్నీ గిడసబారినయి. గా కొమ్మలు ఎన్నటికీ సక్కగ కావు. మొదలు కొట్టినమంటే వేరు బలమంత ఒక్క సిగురు మీదికి పోతది, సర్రున లేస్తది. టేకుల మేం జేసింది గదే. మిరుగం వాన ఇంక పడలే గని, ఈయేడు జర ఆలస్యమైతదేమో."

అప్పుడర్థమైంది నాకు. మృగశిర కార్తెను మిరుగం అంటారు వాళ్ళ పక్క. మన దేశంలో తొలకరి వాన దాంతోనే గదా వచ్చేది.

"భోజన్నా, ఈడ మిరుగం రాదు."

"రాదా? పోయినేడు పడకుంటే కరువనుకున్న గదా. ఆరుద్ర?"

"అదీ రాదు. ఏ కార్తే రాదు. ఎండాకాలంలో ఈడ చుక్క వాన పడదు. ఈడ వాన చలికాలంలో వస్తుంది."

"మరి గా యుద్ధం వాన?"

"యుద్ధం వాన కాదురా, అదే వాన! అదే ఈ దేశం వాన!"

నెత్తి మీద ఎండ నిప్పులు చెరుగుతా ఉండాది. ఇంక మూడున్నర నెలలు ఇట్లనే ఉంటుంది. భోజన్న ఆ మొద్దుల వైపు చూసి, ఆకాశం వైపు చూసి, ఉన్నచోటే కూలబడినాడు. "అయ్యో, నేను సంపిన గదన్నా" అన్నాడు. ఇంతసేపూ తిట్టాలని నోటిదాకా వచ్చినవన్నీ నేను మింగేసినా. "అవును" అన్నది నేను గదా.

కఫీల్ కర్రతో ఒక మొద్దును తడిమినాడు. ఇంకొకదాన్ని తడిమినాడు. ఆ తర్వాత ఆయన అరిచిన అరుపులు నేను ఇప్పుడు చెప్పను. హజ్ చేసి వచ్చిన మనిషి, ఆయన పుణ్యం తగ్గించడం నాకెందుకు? "ఖురూజ్! రేపే ఖురూజ్!" అన్నది మాత్రం భోజన్నకు కూడా అర్థమైంది. వెనక్కు రాకుండా ఇంటికి పంపేయడమని అర్థం.

నేను అడ్డం పడినా. మా దేశంలో ఇట్లనే చేస్తారు బాబా, జూన్‌లో నరుకుతారు, జూన్‌లో వాన వస్తుంది అని చెప్పినా. "ఇక్కడ జూన్‌లో ఎప్పుడన్నా మబ్బు చూసినాడా వీడు?" అన్నాడు కఫీల్. "జనవరిలో చూసినాడు బాబా. అది బాంబులకు పడిన వాన అనుకున్నాడు" అన్నా. ఆయనకు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆ గడ్డం వెనక నాకు తెలియలేదు.

కర్రను నేలలో పొడిచి అన్నాడు. "వస్మ్ ఆఖరి రోజు దాకా ఉండనీ. వాడు చేసింది వాడు కండ్లారా చూడాల. ఆ రోజు నాకు ఇక్కడ పచ్చ కనిపించకపోతే వాడి పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర పడుతుంది, ఈ నేల నా కొడుకులకు పోతుంది." వస్మ్ అంటే వాళ్ళ తొలకరి. మనకు కార్తెలున్నట్టే వాళ్ళకూ చుక్కల లెక్క ఉంది. అక్టోబరు మధ్యలో మొదలై యాభై రెండు రోజులు.

ఈ సంగతి గదిలో చెప్తే భోజన్న, "గీళ్ళకు గూడ కార్తెలున్నయా? మరి నాకు ముందుగాల్ల చెప్పద్దానే?" అన్నాడు. "నువ్వు అడిగినావా సచ్చినోడా?" అని అరిచినా. గోంగూర సీసా మూత తియ్యకుండానే రెండు నెలలు అట్లే ఉండిపోయింది.

ఎండాకాలం గడిచిన తీరు ఏం చెప్పమంటారు! ఆయప్ప ఒక్కొక్క మొద్దు చుట్టూ రాళ్ళు పేర్చినాడు, మీద ఖర్జూరపు మట్టలు కప్పినాడు. నా ట్యాంకరులో అడుగున మిగిలిన నీళ్ళు అడిగి, ఒక్కొక్కదానికి చెంబెడు పోసేవాడు. ఎక్కువ పొయ్యబోతే వద్దనేవాడు. "కుళ్ళుతయన్నా, పానం ఆగేటంత సాలు." మేకలు కాయడం, వంట చెయ్యడం, ఇదంతా. తిండి తగ్గింది. నిద్రలో కూడా లెక్కలు పెట్టేవాడు.

ఊరికి క్యాసెట్టు పంపినాడు. చదువురాని ఇండ్లల్లో అప్పుడు ఉత్తరాల బదులు క్యాసెట్లు నడిచేవి. "నన్ను పంపుతరో ఉంచుతరో ఎర్కలేదు. పంపితే పోవుడు కష్టం గాదు. నూటముప్పై ఆరు పానాలు దీసి ఏ మొకంతోని రావాలె?" అని దాంట్లో మాట్లాడినాడు. నెలన్నరకు వాళ్ళావిడ సీతాబాయి జవాబు క్యాసెట్టు వచ్చింది. ఇద్దరం కూచొని విన్నాము. "నన్ను ఇడిసి ఇమానమెక్కినప్పుడు గూడ గింత ఏడ్వలే నువ్వు. గా ముండ్ల చెట్లకేనా గింత ఏడుపు? కడెం కాడ మంట అంటుకొని మొత్తం బూడిదైన టేకు మల్ల లేసిందా లేదా? నువ్వే గదా నన్ను దోల్కవోయి సూపిచ్చినవ్. ఇప్పుడు నువ్వు సూపిచ్చింది నువ్వే మర్సిపోతివా?" ఆమె ఇంకా చాలా తిట్టింది. భోజన్న ఆ క్యాసెట్టును వెనక్కు తిప్పి తిప్పి ఆ తిట్లు విన్నాడు. ఆ పూట మటుకు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

సెప్టెంబరులో నేను ఉండబట్టలేక ఒక మొద్దును గోటితో గీరినా. ఎండు. పచ్చదనం పొట్టంత కూడా లేదు. ఇంకొకటి గీరినా. అదీ ఎండే. భోజన్న చూస్తా ఉండాడు. "మీద ఎండుతదన్నా, కిందుంటది" అన్నాడు గానీ, ఆ మాటలో బలం లేదు. కావాలంటే తవ్వి చూద్దామన్నా. "వద్దు. తవ్వితే ఉన్న పానం గూడ పోతది" అన్నాడు. నేనింక ముట్టుకోలేదు.

వస్మ్ వచ్చింది. వాన రాలేదు. పది రోజులు, ఇరవై రోజులు, ముప్పై రోజులు. కఫీల్ మాతో మాట్లాడడం మానేసినాడు. ఆయన పెద్ద కొడుకు ఒక రోజు గోధుమ పొలాలకు నీళ్ళు తిప్పే యంత్రాల కంపెనీ మనిషిని తీసుకొచ్చి లోయ అంతా చూపించి పోయినాడు. ముప్పై రెండో రోజు మధ్యాహ్నం పడమట నల్లగా లేచింది. రెండు రోజులు వాన. వాగు గంటసేపు పారింది. భోజన్న వానలో నిలబడి మట్టలన్నీ తీసేసినాడు. చలిజ్వరం వస్తుందిరా అని నేను ట్యాంకరులో నుంచి అరుస్తా ఉంటే విననే లేదు.

వాన ఆగినాక పదహైదు రోజులు ఏమీ లేదు. ఇటుపక్క గడ్డి లేచింది, అటుపక్క ఏవో పసుపు పూలు లేచినాయి, మొద్దులు మొద్దులుగానే ఉండాయి. భోజన్న తన రెక్సిన్ బ్యాగు తీసి బట్టలు మడత పెట్టుకున్నాడు. నేను చూసీ చూడనట్టు అటు తిరిగి పడుకున్నా.

నలభై తొమ్మిదో రోజు పొద్దున. నేను ట్యాంకరు నింపుతా ఉంటే ఆయప్ప లోయ నుంచి పరిగెత్తుకుంటా వచ్చినాడు. నాలుగు కిలోమీటర్లు! మాట రావడంలేదు. నా చొక్కా పట్టుకొని గుంజుతా ఉండాడు. పైపు అట్లే పారేసి పోయినా. చూస్తే, మొద్దు మీద కాదు, మొద్దు పక్కన, మట్టి పగిలి ఉంది. ఆ పగుల్లో గోరంత పచ్చ. ఎర్రగా, పచ్చగా, లేత చిగురు. ఇంకొకటి. ఇంకొకటి. మేము మోకాళ్ళ మీద పాకుతా లెక్కేసినాము. మూడు రోజుల్లో తొంభై ఒకటి తేలినాయి. నేను అప్పుడే పోయి కఫీల్‌కు చెప్తానంటే భోజన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "మనం జెప్తె నమ్మడన్నా. గడువు నాడు అస్తనన్నడు గదా, ఆయన్నే సూడనీ."

యాభై రెండో రోజు, సాయంత్రం అసర్ నమాజు అయినాక కఫీల్ నా పికప్‌లో వచ్చినాడు. జేబులో పాస్‌పోర్టు ఉంది, నాకు కనపడతా ఉండాది. కంచె దగ్గర నిలబడి కండ్లు చికిలించి అటూ ఇటూ చూసినాడు. "పచ్చ ఎక్కడ?" అన్నాడు. నేను చూపించినా. "నాకేం కనపడలేదు" అన్నాడు. నిజమే, గోరంత చిగురు ఆ కండ్లకు యాడ కనపడుతుంది? ఇంకొకటి చూపించినా. ఆయన గొంతు లేచింది. "ఇద్దరూ కలిసి ముసలివాడితో ఆడుకుంటున్నారా?"

మేం ఇద్దరమూ ఆ సంగతి ఆలోచించనే లేదు. చూడనీ అన్నామే గానీ, చూసే కండ్లు లేవని మరిచిపోయినాము. ఎంత బుద్ధి లేని పని!

భోజన్న ఏం చేసినాడో తెలుసా? కఫీల్ చెయ్యి పట్టుకున్నాడు. సలాము చెప్పేటప్పుడు తప్ప పనివాడెవడూ ఆ చెయ్యి ముట్టింది లేదు. పట్టుకొని, లాగి, కింద కూచోబెట్టి, ఆ చెయ్యిని మట్టి మీద పెట్టినాడు. కఫీల్ "అహ్" అని చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. లేత ముల్లు గుచ్చుకుంది. వేలి కొనను ఇంకో వేలితో రుద్దుకున్నాడు. మళ్ళా తనంతట తానే ఆ చెయ్యిని అక్కడే పెట్టినాడు.

"ఇంకొకటి" అన్నాడు.

ఇంకొకటి చూపించినాడు భోజన్న. ఇంకొకటి. ఆయన తెల్లటి పొడుగు అంగీ, తోబు, మోకాళ్ళ దగ్గర బురద అయింది, నెత్తి మీద గుడ్డ జారింది, పట్టించుకోలేదు. డెబ్బై ఏండ్ల మనిషి ఒక్కొక్క మొద్దు దగ్గర కూచుంటా, లేస్తా నూటముప్పై ఆరూ తడిమినాడు. ఎండిపోయిన నలభై ఐదు దగ్గరికి వచ్చినప్పుడల్లా భోజన్న తల దించుకున్నాడు. వాటి మీద కూడా కఫీల్ ఒక క్షణం చెయ్యి పెట్టే లేచినాడు. పొద్దు గుంకింది. ఆయన అక్కడే గుడ్డ పరుచుకొని మగ్రిబ్ నమాజు చేసినాడు, నేను పక్కన నిలబడినా. భోజన్న కంచె తలుపు దగ్గర కాపలా నిలబడినాడు.

తర్వాతి సంగతులు రెండు ముక్కల్లో చెప్తా. భోజన్న 2004 దాకా ఉండాడు. రెండేండ్లకొకసారి ఊరికి పోయొచ్చేవాడు, చలికాలం మాత్రం ఎన్నడూ పోలేదు. కఫీల్ 1994లో కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు, ఆ కండ్లతో ఇంకో తొమ్మిదేండ్లు చెట్లు చూసినాడు. కొడుకులు గోధుమ ఊసు ఎత్తడం మానేసినారు. పెద్ద కొడుకైతే శుక్రవారం శుక్రవారం పెండ్లాం పిల్లల్ని తీసుకొచ్చి ఆ నీడలోనే టీ కాచుకునేవాడు. నేను వచ్చేసేనాటికి ఆ తొంభై ఒకటిలో ఎనభై దాకా నాకు రెండింతల ఎత్తు, చక్కగా, ఒకటే మాను. వాటి కింద కాయలు రాలి, ఎవరూ నాటనివి, ఎవరూ నరకనివి, మూడో తరం లేస్తా ఉండాది. భోజన్న ఇప్పుడు కడెంలో సీతాబాయితో తిట్లు తింటా సుఖంగా ఉండాడు. మొన్న కూడా ఫోను చేసినాడు.

కానీ ఆ సాయంత్రం పికప్‌లో జరిగింది చెప్పకపోతే నేను చెప్పిందంతా వృథా. రోజూ భోజన్న నేను తోలే పికప్ వెనక మేకల గడ్డి మీద కూచునేవాడు. ఆ రోజు కఫీల్ తలుపు తీసి పట్టుకొని, ఆయప్పను ముందు సీటులో మా ఇద్దరి మధ్య కూచోబెట్టినాడు. కొంత దూరం పోయినాక అడిగినాడు.

"ఉత్తరం ఒడ్డున ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయి?"

నేను అడిగి చెప్పినా. రెండు వందల పైన.

"వాటినెప్పుడు నరుకుదాం?"

ఆ మాట నేను తెలుగులో చెప్పినా. భోజన్న కఫీల్ వైపు తిరిగినాడు. నన్ను అడగకుండా, తనకొచ్చిన పది ముక్కల అరబ్బీలో తానే చెప్పుకున్నాడు.

"బాబా, గొడ్డలి నాది. వాన నీది. నువ్వు చెప్పు."

కఫీల్ జేబులో నుంచి పాస్‌పోర్టు తీసి, భోజన్న ఒళ్ళో పెట్టి, "ఇది నీది" అన్నాడు.